మూషికదేహంలో దీపం, మిగిలిన అవిశుద్ధి

కాణిపాకంలో మూషికవాహనునికి ప్రణమిల్లి, తిరుపతికి వచ్చి ఉబ్బసానికి వైద్యుణ్ణి ఆశ్రయించే భక్తునికి బహుశా తట్టని సంగతి ఒకటుంది. ఆ వ్యాధి అంతర్మర్మాలను శాస్త్రం చాలావరకు గ్రహించినది చిట్టెలుక దేహంలోనే.

రోగనిరోధక కణాలు పరస్పరం పంపుకొనే సందేశరూప ప్రోటీన్లు సైటోకైన్లు. అవి కణాన్ని విడిచి వెలుపలికి పోతాయి గనుక, ఏది ఏ కణం పంపిందో నిర్ణయించడం దుష్కరం. కణాన్ని రసాయనంతో స్తంభింపజేసి, అనగా చంపి, లోపల వెదకడం ఒక పద్ధతి. 2001లో మోర్స్, లాక్స్‌లీ ప్రభృతులు చిట్టెలుకలోని ఇంటర్‌ల్యూకిన్-4 జన్యువు వెంట, జెల్లీఫిష్ నుండి వచ్చిన హరితకాంతి ప్రోటీన్ జన్యువును కూర్చారు. ఆ జన్యువు మేల్కొన్న కణం ప్రాణంతోనే పచ్చగా ప్రకాశిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-13కు ఇట్టి దీపమే అమర్చిన ఎలుకలలో 2010లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఒక నూతన కణజాతిని గుర్తించారు. నేటి ఉబ్బస పరిశోధనలో దానిది ముఖ్యస్థానం. ఈ రెండు సైటోకైన్ల మార్గాన్ని నిరోధించే డుపిలుమాబ్ 2018లో అమెరికాలో ఉబ్బసానికి ఆమోదం పొందింది. ఆ ఔషధం పుట్టినదీ జన్యుపరివర్తిత ఎలుకల నుండే.

ధూమాన్ని చూచి వహ్నిని ఊహించే నైయాయికునికి ఈ పద్ధతి సుపరిచితమే. అయితే లింగం వ్యభిచరించవచ్చు. 2001 నాటి ఎలుకలలో మాస్ట్ కణాలు, ఇయోసినోఫిల్‌లు సైటోకైన్‌ను స్రవింపకుండానే వెలుగుతాయి. ఆ కాంతి తెలిపేది శక్తిని, క్రియను కాదు. స్రావాన్నే తెలిపే వేరొక చిహ్నాన్ని కూడా జతచేసి, 2005లో పరిశోధకులే ఈ భేదాన్ని నిరూపించారు. దానిని విస్మరించి చేసిన ప్రయోగంలో ఎలుక వ్యర్థంగా మరణించినట్లే.

ఇక ధర్మవిచారం. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం మన దేశంలో ఇట్టి ప్రయోగాలను నిషేధింపలేదు, నియంత్రణలో ఉంచింది. అనుమతి లభించింది గనుక దోషం లేదనడం మీమాంసక మార్గం. విహితమైన హింస వారికి పాపహేతువు కాదు. సాంఖ్యులు ఇందుకు సమ్మతింపరు. పశువధ యజ్ఞానికి ఉపకరిస్తుంది, హింస కర్తకు దోషాన్నీ కలిగిస్తుంది, ఈ రెండింటికీ విరోధం లేదని వాచస్పతిమిశ్రుడు తత్త్వకౌముదిలో నిరూపించాడు. ప్రయోగశాల విషయంలో సాంఖ్యపక్షమే సత్యానికి సన్నిహితం. ఔషధం వల్ల శ్వాస తేలికపడుతుంది. అవిశుద్ధి మిగిలే ఉంటుంది, శాస్త్రజ్ఞునికే కాదు, సేవించినవానికీ.

ప్రయోగశాలను దూషించి, ఆ సాయంకాలమే మందు పుచ్చుకొనే భక్తి ఈ లెక్కను తప్పించుకోజాలదు. కణసంవర్ధనం చాలినచోట ఎలుకను కోరరాదనీ, పది చాలినచోట ఇరవై వాడరాదనీ అడిగే అధికారం రోగికీ ఉంది. తిరుపతి విద్యాసంస్థలలో జీవశాస్త్రం అభ్యసించే విద్యార్థి ఆ ప్రశ్నను ప్రయోగానికి ముందే వేసుకోవాలి.