సగం మాటైనా సాక్ష్యమే



మన దేశంలో క్రిమినల్ కేసుల్లో ఇప్పుడు జ్యూరీ లేదు. 1959లో బొంబాయి నానావతి కేసులో జ్యూరీ 8–1 తేడాతో నిర్దోషి అంటే, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపాడు. ఆ తర్వాత జ్యూరీ పద్ధతి మెల్లగా కనుమరుగైంది. అందుకే వైకల్యం ఉన్న పిల్లల సాక్ష్యాన్ని జ్యూరీ ఎలా చూస్తుందన్న ప్రశ్న ఇంగ్లండుదో అమెరికాదో అనిపిస్తుంది. కానీ ఆ దేశాల పరిశోధకులు కనిపెట్టిన విషయాలు మన ఇళ్లకూ మన సంఘాలకూ అచ్చంగా సరిపోతాయి.

అమెరికాలో 2003లో వచ్చిన ఒక అధ్యయనం చూడండి. ఒక బాలికపై జరిగిన లైంగిక దాడి కేసు విచారణ వీడియోను మామూలు మనుషులకు చూపించి, జ్యూరీ సభ్యుల్లా తీర్పు చెప్పమన్నారు. ఆ అమ్మాయికి కొంత మేధో వైకల్యం ఉందని విన్నవారు ఆమె మాటను ఎక్కువగా నమ్మారు. పాపం, కథ అల్లడం ఆమెకు చేతకాదని వారి ఉద్దేశం. 2011లో బ్రిటన్ పరిశోధకులు మరోలా చేశారు. పిల్లలు చెప్పిన మాటలను కాగితం మీద పెట్టి, ఎవరికి వైకల్యం ఉందో చెప్పకుండా చదివించారు. అక్కడ మేధో వైకల్యం ఉన్న పిల్లల మాటలకు నమ్మకం తగ్గింది. వారు చెప్పిన వివరాలు తక్కువగా ఉండటమే అందుకు ముఖ్య కారణం.

ఒకచోట జాలి వల్ల నమ్మారు, మరోచోట మాటలు తక్కువయ్యాయని నమ్మలేదు. రెండుచోట్లా బిడ్డ చెప్పింది వినడం కంటే, సాక్షి అంటే ఇలా ఉండాలని మనసులో ఉన్న బొమ్మకే విలువ దక్కింది. తక్కువ చెప్పడం వేరు, తప్పు చెప్పడం వేరు. "ఏం జరిగింది తల్లీ?" అని తొందరపెట్టకుండా అడిగితే, ఇలాంటి పిల్లలు చెప్పేది కొంచెమే అయినా చాలావరకు సరిగ్గానే చెబుతారు. "వాడే కదా? గదిలోకే కదా తీసుకెళ్ళాడు?" అని అడిగితే పెద్దవాళ్ళ కోసం తల ఊపేస్తారు. అడిగిందే మళ్ళీ అడిగితే, మొదట చెప్పింది తప్పేమోనని జవాబు మార్చేస్తారు. అప్పుడు మనం "చూశారా, మాట మారుస్తోంది" అంటాం. మాట మారడానికి కారణం మన ప్రశ్నే.

కోర్టు మెట్లు ఎక్కకముందే ప్రతి బిడ్డా ఒక జ్యూరీ ముందు నిలబడుతుంది. అందులో అమ్మమ్మ, పక్కింటివాళ్ళు, టీచరు, సండే స్కూల్ అక్క, సంఘ పెద్దలు ఉంటారు. "దానికేం తెలుసు?" అని వారిలో ఒక్కరు అంటే చాలు, చాలా కేసులు అక్కడే ముగిసిపోతాయి.

చట్టం మాత్రం అలా అనదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో సాక్షికి కనీస వయసు లేదు. ప్రశ్న అర్థమై తగిన జవాబు ఇవ్వగలిగితే చాలు. మాట రాని సాక్షి సైగలతో చెప్పినా, రాసి చూపినా అది నోటి సాక్ష్యంతో సమానం. 2012 పోక్సో చట్టం ప్రకారం కోర్టులో లాయరు బిడ్డను నేరుగా ప్రశ్నించకూడదు, జడ్జి ద్వారానే అడగాలి. వైకల్యం ఉన్న బిడ్డ వాంగ్మూలం తీసుకునేటప్పుడు స్పెషల్ ఎడ్యుకేటర్ సాయమో, ఆ బిడ్డ మాట్లాడే తీరు తెలిసిన మనిషి సాయమో తీసుకోవచ్చని కూడా ఆ చట్టంలో ఉంది.

పైకోర్టులో కూడా ఇదే జరిగింది. మహారాష్ట్రలో మాట, వినికిడి లేని, మేధో వైకల్యం కూడా ఉన్న ఒక బాలిక కేసులో ఆమెను సాక్షిగా పిలవలేదన్న కారణంతో హైకోర్టు నిందితుణ్ణి వదిలేసింది. 2017లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసి శిక్షను నిలబెట్టింది, ఇలాంటి సాక్షుల కోసం ప్రత్యేక కేంద్రాలు పెట్టమంది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసు పుట్టుగుడ్డి అయిన ఒక దళిత యువతిది. ఆమె గొంతును బట్టి నిందితుణ్ణి గుర్తుపట్టింది. వైకల్యం ఉన్నంత మాత్రాన సాక్ష్యం తక్కువదైపోదని కోర్టు స్పష్టం చేసింది.

మనలాంటివారికి ఇందులో మరో చిక్కు ఉంది. హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూర్‌లో మన బిడ్డ ఇంట్లో తెలుగు వింటుంది. పోలీసు స్టేషన్‌లో వేరే భాష. మాట సరిగా రాని బిడ్డ అమ్మతో చేసే సైగలు ఏ పుస్తకంలోనూ ఉండవు. అక్కడ దుబాసీని, ఆ సైగలు తెలిసిన మనిషిని అడిగి తీసుకోవాలి. అది చట్టం ఇచ్చిన హక్కు, ఎవరో చేసే దయ కాదు. తనకు మాట సరిగా రాదని మోషే అంటే దేవుడు అతణ్ణి పక్కన పెట్టలేదు, అహరోనును తోడిచ్చాడు.

"అబద్ధపు కేసులు కూడా ఉంటాయి కదా పాస్టరుగారూ" అని కొందరు అడుగుతారు. అందుకే సరిగా అడగమంటున్నాం. బిడ్డ నోట్లో మనం మాటలు పెట్టకపోతే నిర్దోషికి కూడా అదే రక్షణ. నిజం తేల్చడం కోర్టు పని. ఆ మాటను చెడగొట్టకుండా కోర్టుదాకా చేర్చడం మన పని.

కాబట్టి యవ్వనస్థులారా, సంఘ పెద్దలారా, బిడ్డ ఏదైనా చెబితే ఒక్కసారి వినండి, ఆమె మాటల్లోనే రాసిపెట్టండి, తేదీ వేయండి. పదిమంది ముందు మళ్ళీ చెప్పించకండి. 1098కి గాని పోలీసులకు గాని తెలియజేయండి. పోక్సో నేరం తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. సంఘంలో కూర్చుని రాజీ చేసే అధికారం మనకెవ్వరికీ లేదు. ప్రార్థన మనవి అంటూ ఆ బిడ్డ పేరు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, బాధిత బిడ్డ ఎవరో బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది.

ఈ నెల మీ సంఘంలో ఒక పని చేయండి. వైకల్యం ఉన్న పిల్లలు ఎంతమంది ఉన్నారో, ఒక్కొక్కరి మాట తీరు ఇంటివాళ్ళు కాక ఇంకెవరికి తెలుసో చూడండి. ఎవరికీ తెలియకపోతే ఇద్దరు నేర్చుకోండి. ఆ బిడ్డకు చెప్పుకోవలసింది ఏదైనా వస్తే, అర్థం చేసుకునే మనిషి ముందే సిద్ధంగా ఉండాలి.