పని లేకుండా నడిచే హక్కు

ఆడవాళ్ళు నడవడం మీద మన సమాజానికి పెద్ద అభ్యంతరం ఏమీ లేదు. నీళ్ళకి నడవొచ్చు, కట్టెలకి నడవొచ్చు, చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరగొచ్చు, కొండ దిగి సంతకి పోయి మళ్ళీ కొండెక్కొచ్చు. చేతిలో బిందె, నెత్తిన మోపు, చంకన బిడ్డ ఉంటే ఆ నడకని ఎవరూ ప్రశ్నించరు. ఇవేవీ లేకుండా, ఊరికే, కొండనో సముద్రాన్నో చూద్దామని బయల్దేరిన స్త్రీని మాత్రం "ఎక్కడికి?" అని అడుగుతారు. వెంటనే రెండో ప్రశ్న, "ఎవరితో?"

ఈ ప్రశ్నల వెనక ఉన్న పితృస్వామ్యం గురించి మనం చాలా రాసుకున్నాం. అయితే ఎప్పుడూ చదువు, ఉద్యోగం, రాత్రి డ్యూటీల సందర్భంలోనే రాసుకున్నాం. విహారం గురించి రాయాలంటే మనకే మొహమాటం. హింస, భూమి, కూలి, ఇన్ని సమస్యలుండగా షికార్లేమిటని మన సంఘాల్లోనే అనేవాళ్ళున్నారు. ఆ మాటని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. కానీ విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య సముద్రం ఒడ్డునున్న ఎర్రమట్టి దిబ్బల సంగతీ, వాటికి పుట్టిల్లయిన తూర్పు కనుమల సంగతీ కలిపి చూడండి. అక్కడ విహారం ప్రశ్న, భూమి ప్రశ్న వేరు వేరుగా లేవు.

పుట్టిల్లు అని ఊరికే అనలేదు. ఈ దిబ్బల ఎరుపు ఇనుము తుప్పు రంగు. ఆ ఇనుమూ, ఆ మట్టీ వెనకనున్న కొండల్లోని ఖోండలైట్ రాయి వేల ఏళ్ళుగా చివికి, గెడ్డల్లో కొట్టుకొచ్చి చేరినవి. సముద్రం ఇప్పటికంటే చాలా వెనక్కి ఉన్న కాలంలో బయటపడ్డ ఇసుకని గాలి మోసుకొచ్చి పోగేసింది. పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక రంగు ఎరుపు. వానలకి కోతపడి లోతైన గండ్లు, వాటి అడుగున సన్నటి నీటి దారులు. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో తమిళనాడులో, శ్రీలంకలో తప్ప పెద్దగా లేవు. భారత భూగర్భ సర్వే సంస్థ 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి.

ఇక ఖోండలైట్ అనే పేరు సంగతి. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాయికి ఖోండుల పేరు పెట్టాడు. ఖోండులంటే అరకు, పాడేరు, ఒడిశా కొండల్లోని మన కోదులే. రాయికి పేరిచ్చిన జనానికి ఆ రాయున్న భూమి మీద హక్కుందని చెప్పించుకోవడానికి మాత్రం 1997 దాకా ఆగాల్సి వచ్చింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో ఆ ఏడాది జూలైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకి గనుల లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. దిబ్బల అందం గురించి రాసేవాళ్ళు ఈ పేరు సంగతి ఒక్కసారైనా రాయాలని నా కోరిక.

ఇలాంటి నేలని చూడడానికి కాలినడకని మించిన పద్ధతి లేదు. జీపులో వెళ్ళి, గట్టు మీద నిలబడి ఫోటో దిగి వచ్చేస్తే ఎర్ర రంగొక్కటే కనపడుతుంది. గండిలోకి దిగి నడిస్తే పొర మీద పొర ఎలా పడిందో, గట్టు అంచుని జీడిమామిడి వేరు ఎలా పట్టుకుందో, నిన్నటి వాన ఎక్కడ కోసిందో తెలుస్తుంది. ఈ మట్టి వదులు మట్టి. ఒక చక్రం పోయిన జాడలో వాననీరు దారి చేసుకుంటుంది, ఆ దారే గండవుతుంది. అందుకే వాహనాలు బయటే ఆగాలనడం పర్యావరణవాదుల ఛాదస్తం కాదు.

తీర నియంత్రణ నిబంధనలు 1991లో వచ్చినప్పటి నుంచీ ఇసుక దిబ్బల్ని చదును చెయ్యడం, రూపు మార్చడం నిషిద్ధమే. అయినా 2024 జూలైలో ఇళ్ళ స్థలాల పేరిట దిబ్బల్లో యంత్రాలు దిగాయి. జనం గొడవ చేసి, పత్రికలు రాశాక గానీ ఆగలేదు. చట్టం ఎవరి విషయంలో చూపు తిప్పుకుంటుంది, ఎవరి విషయంలో కళ్ళు తెరుస్తుంది అన్నది మనం అడగాలి. రక్షిత ప్రాంతమని బోర్డు పడ్డ ఏ చోటైనా మొదట ఆపేది పుల్లలేరుకునే ఆడమనిషిని, మేకలు తోలుకొచ్చే పిల్లని. యంత్రం వచ్చినప్పుడు మాత్రం దానికి ఏవో కాగితాలున్నాయంటారు.

అసలు చూడడానికి తీరిక ఎవరికుంది? కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనికి దాన్ని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, చేసే పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారు. తేడా రోజుకి మూడు గంటల పైచిలుకు. పొద్దున్నే బీచిరోడ్డు మీద కనపడే మగవాళ్ళ ఆరోగ్య నడక ఎవరి గంటల్లోంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. స్త్రీల పట్ల వివక్షని రూపుమాపే ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద మన దేశం 1993లో ఆమోదముద్ర వేసింది. దాని 13వ అధికరణం విహారం, క్రీడలు, సాంస్కృతిక జీవితంలో స్త్రీలకి సమాన హక్కు ఉందంటుంది. మన శిక్షణా తరగతుల్లో ఆ ఒడంబడిక చెప్పేటప్పుడు ఈ అధికరణాన్ని ఎంతమందిమి చదివి వినిపించాం? 2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి స్త్రీల గురించి రాసిన 'వై లాయిటర్?' పుస్తకం పనిలేకుండా వీధిలో నిలబడే హక్కునే అడిగింది. అది నగరానికి చెందిన వాదన. దాన్ని మన తీరానికీ కొండకీ తెచ్చుకుంటే సైకిలు, సముద్రం రెండూ చర్చలోకొస్తాయి.

సైకిలు విషయంలో మనకి పొరుగునే మంచి ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక పోరాటానికి దారితీసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే తమిళనాడు పుదుక్కోట్టైలో అదే ఉద్యమం వేలాదిమంది గ్రామీణ స్త్రీలకి సైకిలు నేర్పింది. కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహం అందులో ఉంది. సారా పోరాటం మన చరిత్రలో స్థానం సంపాదించుకుంది. సైకిలు పోరాటాన్ని వింతగా చూసి వదిలేశాం. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చాక హైస్కూల్లో చేరేవాళ్ళు బాగా పెరిగారని పరిశోధకులు లెక్కతేల్చారు. మన రాష్ట్రంలోనూ ప్రభుత్వ బళ్ళ ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చిన పథకం ఉండేది. అయితే సైకిలు అనగానే "బడికి" అనే మాట తోడు రావాల్సిందేనా? భీమిలి రోడ్డు మీద సముద్రం పక్కన ఆదివారం నాడు పదిమంది ఆడపిల్లలు ఏ పనీ లేకుండా తొక్కుకుంటూ పోవడానికి ఏ పథకమూ అక్కర్లేదు, అడ్డుపడని ఇల్లూ వెంటపడని రోడ్డూ చాలు. (కొండల్లో సైకిలు మాట వేరు. అక్కడి కాలిబాటలకి అది పనికిరాదు.)

సర్ఫింగ్ అంటే డబ్బున్నవాళ్ళ ఆట అని, విదేశీ సరదా అని మనకో అభిప్రాయం. పలక ఖరీదు చూస్తే అది నిజమే. కానీ అల విరిగే చోట దుంగల మీద నిలబడి, సమయం చూసుకుని దాన్ని దాటడం మన తీరంలో కొత్త విద్య కాదు. జాలరిపేటల మగవాళ్ళు తెప్ప మీద తరతరాలుగా చేస్తున్నదే అది. మత్స్యకార కుటుంబాల్లో తెప్ప ఎక్కడం ఆడవాళ్ళకి కూడదన్న ఆనవాయితీ బలంగా ఉంది. చేప పట్టేది మగవాడు, అమ్మేది ఆడది. సముద్రం పక్కనే పుట్టి, ఉప్పుగాలి పీల్చి, జీవితమంతా దాని మీదే బతికి కూడా ఈత రాని స్త్రీలు ఎంతోమంది. మగపిల్లలకి ఈత ఎవరూ నేర్పరు, దానంతటదే వస్తుంది. ఆడపిల్లకి దానంతటదే రాకుండా మనమే చూసుకుంటాం. కర్ణాటక తీరంలో ఇషితా మాలవీయ మన దేశపు తొలి వృత్తి మహిళా సర్ఫరుగా పేరు తెచ్చుకుంది. రుషికొండలో ఇప్పుడు సర్ఫింగ్ నేర్పేవాళ్ళున్నారు. నా దృష్టిలో అసలు ప్రశ్న, మంగమారిపేట పిల్ల ఆ పలక ఎక్కుతుందా, లేక ఒడ్డున నిలబడి పలకలు మోసే పని ఆమె అన్నకీ, టీ అమ్మే పని ఆమెకీ దక్కుతాయా అన్నది.

ఈ భయం అరకుని చూసి వచ్చింది. అరకు రైలుకి 2017లో అద్దాల పెట్టె తగిలించారు. పర్యాటకులు కూర్చునే లోయంతా చూడొచ్చు. అదే జిల్లాలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, రోడ్డు లేని కొండ ఊళ్ళ నుంచి నిండు గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొస్తున్న వార్తలు మనం ఏటా చదువుతున్నాం. ధింసా పెళ్ళిళ్ళకీ పండగలకీ చేతులు పట్టుకుని ఆడే ఆట. ఇప్పుడది రిసార్టు పచ్చికలో సాయంత్రం కార్యక్రమం. ఆడే స్త్రీకి కూలి దొరుకుతుంది, అది తక్కువ విషయం కాదు. కానీ ఎంత కూలి, ఎవరు నిర్ణయించారు, ఏ గ్రామసభలో అన్నదానికి జవాబు ఉండాలి కదా. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకి ఇచ్చిన అధికారాలు పర్యాటకం దగ్గరకొచ్చేసరికి ఎవరికీ గుర్తుండవు.

భద్రత మాట కూడా దాచకూడదు. కొండల్లో ఒంటరిగా తిరగొద్దని నగరపు స్త్రీలకి పోలీసులు సలహా ఇస్తుంటారు. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో 11 మంది కోదు స్త్రీలు తమ మీద అత్యాచారం చేశారని ఆరోపించింది కూంబింగుకొచ్చిన పోలీసుల మీదే. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితుల్ని విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెబుతూ బాధితులకి పరిహారం ఇమ్మంది. తమ ఊళ్ళో, తమ పొలంగట్టు మీద నడిచే హక్కు కోసం 16 ఏళ్ళు కోర్టుకి తిరిగిన స్త్రీలు వాళ్ళు. వాళ్ళ నడక ఏ పర్యాటక పటంలోనూ ఉండదు.

దిబ్బలకి యునెస్కో తుది గుర్తింపు కావాలంటే నిర్వహణ ప్రణాళిక ఒకటి రాయాలి. అందులో కంచె ఎంత ఎత్తు, టిక్కెట్టు ఎంత అన్నవి ఎలాగూ ఉంటాయి. చుట్టుపక్కల పల్లెల స్త్రీలకి కమిటీలో చోటు, శిక్షణ పొందిన మహిళా గైడ్లకి నెలజీతం, వాహనాలకి అడ్డు, కాలిబాటకి గుర్తులు, చీకటి పడేదాకా బస్సు, నీళ్ళున్న మరుగుదొడ్డి ఉండాలని మనం ఇప్పుడే రాతపూర్వకంగా అడగాలి. పుల్లలేరుకునే వాళ్ళని ఆపేటట్టయితే వాళ్ళకి వంటగ్యాసు ఎవరిస్తారో కూడా ఆ కాగితంలోనే రాయాలి. మరుగుదొడ్డి మాట ఎత్తితే పురావస్తువుల పండితులు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇంకో చిన్న సూచన. మన మూడునెలల సమావేశాలు ఎప్పుడూ ఫ్యాన్ల కింద, ప్లాస్టిక్ కుర్చీల్లో జరుగుతాయి. విశాఖలో జరిగే వచ్చేసారి సమావేశంలో ఒక పూట దిబ్బల్లో నడుద్దాం. దారి చూపించడానికి దగ్గరి పల్లె స్త్రీలని పిలిచి, వాళ్ళకి ఆ రోజు చేపలమ్మితే వచ్చేదానికి తగ్గకుండా కూలి ఇద్దాం. చంటిపిల్లల్ని చూసుకునే పని ఆ పూటకి సంఘాల్లోని మగ ఉద్యోగులది.