ఆ నేల ఎవరిదని అడిగామా?

ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లోని బీడునేలలు ప్లాట్లుగా మారాయి. నగరంలో అద్దె ఇళ్ళ కుటుంబాలూ, గల్ఫ్ ఎడారుల్లో చెమటోడ్చే సోదరులూ మలివయసు నివాసం కోసం అక్కడ స్థలం కొంటున్నారు. సొంతగూడు అల్లాహ్ అనుగ్రహం. దాన్ని కోరుకోవడంలో తప్పులేదు. కాని గజం ధర అడిగినంత శ్రద్ధగా, ఆ నేల ఎవరిదని అడుగుతున్నామా?

అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినా, ప్రళయదినాన ఏడు భూముల భారం మెడకు పడుతుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. వక్ఫ్ భూమి అల్లాహ్ పేర అంకితమైనది. అది అమ్మకపు సరుకు కాదు. చెరువు శిఖం నీటి చోటు. అక్కడ గోడ లేస్తే వాన నీరు పొరుగువారి ఇంట చేరుతుంది.

రిజిస్ట్రేషన్ లావాదేవీకి నమోదే గాని, యాజమాన్యానికి హామీ కాదు. కనుక బయానా ఇవ్వకముందే ఈసీ, లింకు దస్తావేజులు న్యాయవాదికి చూపించాలి. ఆ సర్వే నంబరు వక్ఫ్ రికార్డుల్లోగాని, చెరువు ఎఫ్‌టీఎల్ హద్దుల్లోగాని, 22-ఏ నిషేధిత జాబితాలోగాని ఉన్నదేమో విచారించాలి. సందేహం మిగిలితే, ఎంత చవకైనా విడిచిపెట్టాలి. సంపాదన హలాల్ అయినంత మాత్రాన సరిపోదు, దానితో కొన్న నేల కూడా హలాల్ కావాలి.

పరుల హక్కు కలవని నేలపై మన పిల్లలకు నీడనివ్వమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.