జపాన్ గొంతులో ఐరోపా పాట: నకలు అన్న నింద నిలిచేనా?

రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌లో విస్తరించిన ‘కవర్’ పాటలను, అంటే ఐరోపా ప్రేమగీతాల బాణీలను అలాగే ఉంచి సొంత భాషలో సాహిత్యం రాసుకుని పాడిన పాటలను, మూలంలోని పదును పోగొట్టి తీపి మాత్రం మిగిల్చిన నకళ్ళుగా కొట్టిపారేయడం విమర్శలో పాతుకుపోయిన ధోరణి. మూలమనేది ఒకే చోట, ఒకే అర్థంతో స్థిరంగా ఉంటుందనే ఊహ దీనికి ఆధారం కాగా, ఐరోపా పాటల చరిత్రే ఆ ఊహను తోసిపుచ్చుతున్నది.

ఈ ధోరణికి ప్రధాన సాక్ష్యంగా చూపదగినది ఫ్రెంచి గాయని ఎడిత్ పియాఫ్ 1950లో రికార్డు చేసిన ‘ఇమ్న్ ఆ లామూర్’. ప్రియుడు కోరితే దేశాన్నీ మిత్రులనూ కాదనుకోవడానికి సిద్ధపడి, మరణానంతర సమాగమాన్ని సైతం ఆశించే ఆ గీతాన్ని, స్త్రీలే అన్ని పాత్రలూ ధరించే తకారాజుకా నాటక సంస్థలో తారగా ఎదిగిన కోషిజి ఫుబుకి కోసం గీత రచయిత్రి ఇవాతాని తోకికో ‘ఐ నో సాంకా’గా రాసినప్పుడు, తెగింపూ మృత్యువూ తప్పుకుని సహజీవనానందం మిగిలింది, క్రమేణా అది పెళ్ళివేడుకల పాటయింది. మార్పు జరిగిందన్నంతవరకు అభియోగం నిజమే గాని, ఆ మార్పును అసమర్థతగా లెక్కించడం అన్యాయం. జపనీస్ ఉచ్చారణకు కొలమానమైన ‘మోరా’ తెలుగు ఛందస్సులోని మాత్ర వంటిది. పాటలో స్వరానికొక మోరా చొప్పున కూర్చడం పరిపాటి కాబట్టి, ఫ్రెంచిలో ఒకటి రెండు స్వరాలలో ఇమిడే మాటకు జపనీస్‌లో తరచుగా మూడు నాలుగు స్వరాలు కావలసి వస్తాయి. భావమంతా పట్టని బాణీలో దేన్ని నిలపాలో, దేన్ని విడవాలో తేల్చుకోవడమే కవి పని.

ఇటువంటి స్వేచ్ఛను పాశ్చాత్యులు తీసుకున్నప్పుడు విమర్శకులు నొచ్చుకోలేదు. అలవాటుగా మారిన దాంపత్యపు నిస్సారతను చెప్పిన 1967 నాటి ఫ్రెంచి పాట ‘కోమ్ దాబిత్యూద్’ను, పాల్ ఆంకా ఆంగ్లంలో జీవిత చరమాంకపు ఆత్మాభిమాన ప్రకటనగా మార్చగా, 1969లో ఫ్రాంక్ సినాత్రా గొంతులో విడుదలైన ఆ ‘మై వే’ స్వతంత్ర కృతిగానే మన్నన పొందింది. జపనీస్ గాయని కాతో తోకికో 1987లో సొంత సాహిత్యంతో విడుదల చేసిన ‘హ్యాకుమన్‌బోన్ నో బారా’ (పది లక్షల గులాబీలు) ఇంకా గట్టి నిదర్శనం. దానికి మూలంగా భావించే అల్లా పుగచోవా రష్యన్ పాట, చిత్రకారుడు పిరోస్మానీ ప్రేమగాథను ఆధారం చేసుకుని కవి వోజ్నెసెన్‌స్కీ రాసినది. కాగా రైమొండ్స్ పౌల్స్ కూర్చిన ఆ బాణీకి మొదట ఉన్న లాత్వియన్ సాహిత్యంలో గులాబీలూ లేవు, చిత్రకారుడూ లేడు. ఉన్నదల్లా ఆడపిల్లకు ప్రాణమిచ్చి సుఖమివ్వడం మరిచిన దేవత కథ. అర్థాన్ని పూర్తిగా మార్చిన రష్యన్ రూపాన్ని మూలమని గౌరవిస్తూ, దాని కథను నిలుపుకున్న జపనీస్ రూపాన్ని నకలనడానికి హేతువు కనిపించదు.

జపనీస్ రచనలలో లోపాలు లేవని దీని అర్థం కాదు. ఇవాతాని రచనలో పియాఫ్ తీవ్రత లోపించిందని భావించిన గాయకుడు మివా అకిహిరో, మూలానికి దగ్గరగా తానే అనువదించుకుని పాడాడు. ఒకే బాణీ మీద రెండు జపనీస్ రచనలు పోటీపడిన ఆ సంప్రదాయానికి తనను తాను విమర్శించుకునే శక్తి ఉన్నదని దీనివల్ల రుజువవుతున్నది గనుక, వాటిలో ఏది మెరుగన్నది జపనీస్ కవిత్వ ప్రమాణాలతో తేల్చవలసిన విషయమే తప్ప, పారిస్ నుంచి ఎంత దూరం జరిగిందన్న కొలతతో తేలేది కాదు.