లేసు అల్లే చేతులు పసిగుడ్డుకు టోపీ అల్లలేవా?

మధ్యాహ్నం వంటపని ముగిసి గిన్నెలు బోర్లించిన తర్వాత నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు పరిసర గ్రామాల్లో చాలా వీధుల్లో ఒకే దృశ్యం కనిపిస్తుంది. అరుగు మీద అత్త, గుమ్మంలో కోడలు, చెట్టునీడన ఇరుగు పొరుగు స్త్రీలు. నోరు కబుర్లు చెబుతుంటుంది, చేయి లేసు అల్లుతుంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ ప్రాంతానికి వచ్చిన ఈ పని తరతరాలుగా తల్లి నుంచి కూతురికి అందుతూ వచ్చింది. ఇక్కడ అల్లిన లేసు గుడ్డలు సముద్రాలు దాటి పరాయి దేశాల బల్లల మీద పరుచుకున్నాయి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. జిల్లాకు ఇది గర్వకారణం.

ఇంత పనితనం ఉన్న చోట కూడా, కాన్పుకు వెళ్ళిన పేద ఇంటి బిడ్డ తలకు పాత చీర పేలికే దిక్కు కావడం కద్దు. బిడ్డకు టోపీ, మేజోళ్ళు తెచ్చారా అని నర్సమ్మ అడిగితే, తోడు వచ్చిన అమ్మమ్మ బజారుకు పరుగెత్తుతుంది. అక్కడ దొరికే టోపీ నెలలు నిండిన బొద్దు బిడ్డ కొలతకు ఉంటుంది. నెలలు నిండని బిడ్డకు తొడిగితే కళ్ళ మీదకు జారి ముక్కును కప్పుతుంది. జానెడు దారంతో తీరే ఈ లోటును తీర్చడానికి మన అరుగుల మీది సూదులు ఎందుకు ముందుకు రాకూడదు?

చలి కూడా ముప్పే

మన ఊళ్ళలో చలి ఏముంది, ఎండలకే చస్తున్నాం కదా అని కొందరు అనవచ్చు. పసిగుడ్డు సంగతి వేరు. తల్లి కడుపులో వెచ్చగా పెరిగిన బిడ్డ తడి ఒంటితో ఒక్కసారిగా బయటి గాలిలోకి వస్తుంది. తిరిగే ఫ్యాను, తెరిచిన కిటికీ, ముసురు పట్టిన రోజు గాలి చాలు, ఆ ఒళ్ళు చల్లబడటానికి. బిడ్డ శరీరంలో తల వాటా పెద్దవారితో పోలిస్తే చాలా ఎక్కువ. కనుక తల తడిగా, కప్పు లేకుండా ఉంటే వేడి త్వరగా పోతుంది.

పుట్టిన బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉండాలి. అంతకు తగ్గితే ప్రమాదం మొదలైనట్లే. 2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టినవారికీ, 37 వారాలు నిండకుండా పుట్టినవారికీ ఈ ముప్పు మరీ ఎక్కువ. వారి చర్మం కింద కొవ్వు పలచగా ఉంటుంది. ఒళ్ళు చల్లబడితే బిడ్డ తనలోని కొద్దిపాటి శక్తినీ వేడి పుట్టించుకోవడానికే ఖర్చు చేసుకుంటుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది. పాలు చీకడం తగ్గుతుంది. ఏడవదు, కదలదు. బిడ్డ బుద్ధిగా నిద్రపోతోందని ఇంటివారు సంతోషిస్తున్న వేళే ప్రాణం మీదకు వచ్చే అవకాశం ఉంది.

దీన్ని కనిపెట్టడానికి యంత్రం అక్కరలేదు. చేతిని వెనక్కు తిప్పి బిడ్డ పొట్టను, పాదాలను తాకి చూడాలి. రెండూ వెచ్చగా ఉంటే బిడ్డ బాగున్నట్లు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి పట్టుకుంటున్నట్లు. పొట్ట, పాదాలు రెండూ చల్లగా ఉంటే బిడ్డను తల్లి గుండెకు హత్తుకుని వెంటనే వైద్యులకు చూపించాలి. పుట్టగానే స్నానం చేయించడం మన ఇళ్ళలో ఆచారంగా ఉంది. కనీసం 24 గంటల పాటు బిడ్డకు స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శుభ్రంగా తుడిచి, ఒళ్ళు ఆరబెట్టి, తలకు టోపీ పెడితే చాలు.

తల్లి గుండెలే మేలైన పొయ్యి

టోపీ ఒక్కటే బిడ్డను కాపాడుతుందని ఎవరూ భ్రమపడకూడదు. 1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అనే వైద్యుడు ఒక పద్ధతి మొదలుపెట్టారు. అక్కడి ఆసుపత్రిలో పిల్లలు ఎక్కువ, వేడినిచ్చే పెట్టెలు తక్కువ. తక్కువ బరువు బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి గుడ్డతో కట్టి ఉంచారు. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్లే ఉంటుంది కనుక దీనికి కంగారూ సంరక్షణ అని పేరు వచ్చింది.

పేదరికంలో పుట్టిన ఈ ఉపాయాన్ని తర్వాత పెద్ద పెద్ద ఆసుపత్రులు పరీక్షించి చూశాయి. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో, కిలో నుంచి 1.8 కిలోల వరకు బరువున్న బిడ్డల మీద జరిగిన అధ్యయన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పుట్టిన వెంటనే ఈ సంరక్షణ మొదలుపెట్టిన బిడ్డల్లో 28 రోజుల లోపు మరణాలు నూటికి 12 ఉండగా, బిడ్డ కుదుటపడేదాకా ఆగి మొదలుపెట్టిన చోట నూటికి 16 దాకా ఉన్నాయి. అంటే నూటికి సుమారు నలుగురు బిడ్డలు అదనంగా బతికారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రోజుకు 8 నుంచి 24 గంటల పాటు, వీలైనంత ఎక్కువసేపు ఇలా ఉంచాలని సూచించింది. తల్లికి అలసటగా ఉంటే తండ్రి గానీ, అమ్మమ్మ గానీ బిడ్డను గుండెకు కట్టుకోవచ్చు.

ఇలా తల్లి ఒడిలో ఉన్న బిడ్డ ఒంటి మీద ఉండేవి సాధారణంగా మూడే వస్తువులు. తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు, మొలకు గోచీ గుడ్డ. తల్లి వేడికి ఈ టోపీ చన్నీళ్ళకు వేన్నీళ్ళు తోడైనట్లు ఉపకరిస్తుంది.

కన్నాల అందం ఇక్కడ పనికిరాదు

లేసు అల్లేవారు ఒక సంగతి ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. లేసు అందమంతా దాని కన్నాల్లోనే ఉంది. పసిబిడ్డ టోపీకి ఆ కన్నాలే పనికిరావు. కన్నాల్లోంచి గాలి దూరుతుంది. మేజోళ్ళలో కన్నం ఉంటే బిడ్డ కాలివేలు అందులో చిక్కుకుంటుంది. లోపలి వైపు వేలాడే దారపు పోగు వేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆగిపోయి వేలికే ప్రమాదం వస్తుంది. కనుక అల్లిక దట్టంగా ఉండాలి. కొసలన్నీ లోపలికి దూర్చి గట్టిగా ముడివేయాలి. మేజోడును తిరగేసి వేలితో తడిమి చూసిన తర్వాతే పక్కన పెట్టాలి.

మన ప్రాంతపు ఉక్కకు మెత్తని నూలు దారమే మేలు. ఊలు నూగు బిడ్డ ముక్కులోకి, నోటిలోకి పోతుంది. పైగా వేడినీళ్ళలో ఉతకడం కష్టం. బొత్తాలు, పూసలు, రిబ్బన్లు, గడ్డం కింద కట్టే తాళ్ళు ఏవీ ఉండకూడదు. ఎగుమతి లేసుకు గంజి పెట్టి ఇస్త్రీ చేసే అలవాటు ఉంటుంది. దీనికి గంజి పెట్టరాదు. రంగు దిగే దారం వాడరాదు.

నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 33 నుంచి 36 సెంటీమీటర్లు ఉంటుంది. 32 వారాలకే పుట్టిన బిడ్డ తల 29 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. బజారులో దొరకనిది ఈ చిన్న కొలతే. టోపీ సాగేలా, నుదుటికి అంటుకుని ఉండేలా అల్లాలి. కొలబద్ద చేతిలో లేకపోతే పీచు తీసిన చిన్న కొబ్బరికాయకు తొడిగి చూస్తే అందాజు తెలుస్తుంది.

ఇంకొక జాగ్రత్త. ఇంటికి వచ్చిన తర్వాత, బిడ్డ బరువు పుంజుకున్న తర్వాత, వైశాఖ మాసపు ఎండలో కూడా టోపీ తీయకుండా ఉంచడం తప్పు. బిడ్డ మెడ, వీపు చెమట పట్టి ఉంటే టోపీ తీసివేయాలి.

దానం పేరుతో కూలి కాజేయరాదు

ఇక అసలు సంగతి. అల్లేవారు ఉన్నారు, అవసరం ఉంది, కనుక లేసు స్త్రీలంతా ఉచితంగా టోపీలు అల్లి ఇవ్వాలి అని చెప్పడం తేలిక. అది న్యాయం కాదు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు స్త్రీల బతుకుల మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. రోజంతా అల్లినా ఈ స్త్రీలను కార్మికులుగా లెక్కించకుండా, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా చూడటం వల్లనే వారి కూలి అంత తక్కువగా ఉందని ఆమె అందులో వివరించారు. దారం తెచ్చేవాడు, సరుకు తీసుకుపోయేవాడు బాగుపడగా, కళ్ళు పాడు చేసుకుని అల్లిన మనిషికి దక్కేది కొద్దిపాటే. పొట్టకూటికి అల్లే చేతిని దానం పేరుతో మరికొంత ఊరకే అల్లమనడం పాత అన్యాయానికి పుణ్యమనే ముసుగు వేయడమే అవుతుంది.

కనుక ఇచ్చే పద్ధతి వేరుగా ఉండాలి. దారం కలిగినవారు కొనాలి. ఈ జిల్లాలో రైసు మిల్లుల యజమానులు ఉన్నారు, రొయ్యల చెరువుల రైతులు ఉన్నారు, లేసు ఎగుమతిదారులు ఉన్నారు. ఇంట్లో మనుమడు పుట్టిన సంతోషంలో విందుకు పెట్టే ఖర్చులో ఒక చిన్న పాలు చాలు, ఎందరో బిడ్డలకు టోపీలు సమకూరుతాయి. కూలి మీద బతికే స్త్రీ చేత అల్లిస్తే ఆమెకు న్యాయమైన కూలి ముట్టజెప్పాలి. జరుగుబాటు ఉన్న ఇళ్ళలోని స్త్రీలు, పింఛను పుచ్చుకుంటున్న పంతులమ్మలు, సెలవుల్లో ఉన్న విద్యార్థినులు, సూది పట్టడం నామోషీ అనుకోని మగపిల్లలు ఊరకే అల్లి ఇవ్వవచ్చు. ఆ పుణ్యం వారిది. కూలి పుచ్చుకున్నామె పని కూడా తక్కువ పుణ్యం ఏమీ కాదు.

డ్వాక్రా సంఘాలు ఈ పనిని నెత్తికెత్తుకుంటే లెక్కకు లెక్క, మాటకు మాట ఉంటుంది. ఎవరికి ఎంత దారం ఇచ్చారు, ఎన్ని టోపీలు తిరిగి వచ్చాయి, ఎవరికి ఎంత ముట్టింది అన్నది సంఘం పుస్తకంలోనే రాసుకోవచ్చు.

అడిగి ఇవ్వాలి, ఇచ్చి తప్పుకోవాలి

అల్లిన వస్తువు సంచిలో వేసుకుని నేరుగా పిల్లల వార్డులోకి పోవడం మంచిది కాదు. ఏ కొలతవి, ఎన్ని కావాలి అన్నది ముందుగా ఆసుపత్రి నర్సులను అడగాలి. ఊరిలోని ఆశా కార్యకర్త గానీ ఏఎన్ఎం గానీ ఆ కబురు తేగలరు. అల్లినవాటిని వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరబెట్టి, శుభ్రమైన సంచిలో కట్టి అందజేయాలి. ఆసుపత్రి వారు తమ పద్ధతిలో మళ్ళీ శుభ్రం చేసుకుంటారు. ఒక బిడ్డ పెట్టుకున్న టోపీ ఆ బిడ్డతోనే ఇంటికి పోవాలి. అందుకే ఈ అవసరం ఒక పండుగ రోజుతో తీరేది కాదు, ఏడాది పొడవునా ఉండేది.

రెండు డజన్ల టోపీలు ఇచ్చి, ఇరవై మంది బ్యానరు పట్టుకుని, నెలలు నిండని బిడ్డల మధ్య ఫోటో దిగే అలవాటు మనకు వద్దు. ఆ గదిలోకి మనం మోసుకుపోయే దగ్గు, జలుబు ఆ బిడ్డలకు ప్రాణాంతకం. గుమ్మం దగ్గర ఇచ్చి రసీదు పుచ్చుకుని వెనుదిరగడమే నిజమైన సేవ.

2013లో డెన్మార్క్ దేశంలో నెలలు నిండని బిడ్డల కోసం నూలు దారంతో అష్టపాది బొమ్మలు అల్లి ఇవ్వడం మొదలైంది. ఆ బొమ్మ కాళ్ళను పట్టుకుంటే బిడ్డకు కడుపులోని బొడ్డుతాడు పట్టుకున్నట్లు ఉంటుందని నమ్మకం. అది చాలా దేశాలకు పాకింది. చూడముచ్చటైన పనే గానీ, దానివల్ల బిడ్డకు వైద్యపరంగా మేలు జరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు. అలాంటి బొమ్మలు పెద్ద పిల్లల వార్డుకు ఇస్తే ఆడుకుంటారు. క్యాన్సరు మందులకు జుట్టు రాలిన పిల్లలకు మెత్తని నూలు టోపీ ఇస్తే అద్దంలో చూసుకునే ధైర్యం వస్తుంది. పసిగుడ్డుకు మాత్రం ముందు కావలసింది టోపీ, మేజోళ్ళే.

అధికారులకు ఒక మాట. ప్రజలు టోపీలు ఇస్తున్నారు కదా అని వేడినిచ్చే యంత్రాల మరమ్మతు, నర్సుల నియామకం, తల్లి బిడ్డను గుండెకు కట్టుకుని కూర్చోవడానికి తగిన కుర్చీ, మంచం, చాటు వెనకబడకూడదు. అవి ప్రభుత్వం చేయవలసినవి. ఏ ఊరి అరుగూ వాటిని అల్లలేదు. ప్రతి ఆసుపత్రిలో ఇలాంటి వస్తువులు పుచ్చుకునే బాధ్యత ఒక నర్సుకు అప్పగించి, కావలసిన కొలతల పట్టీని గుమ్మం దగ్గర అంటిస్తే ప్రజలకు సౌకర్యంగా ఉంటుంది.

వారధి కట్టినప్పుడు ఉడుత తెచ్చింది పిడికెడు ఇసుకే. అదేమంత అని ఎవరూ నవ్వలేదు. రేపు మధ్యాహ్నం గిన్నెలు బోర్లించిన తర్వాత అరుగు మీద కూర్చున్న స్త్రీ, బల్లగుడ్డ అల్లిక కాసేపు పక్కన పెట్టి, 29 సెంటీమీటర్ల టోపీ ఒకటి మొదలుపెడితే చాలు. అది సముద్రాలు దాటనక్కరలేదు. పక్క ఊరి ఆసుపత్రి దాకా చేరితే చాలు.