కన్నీళ్లు అవిశ్వాసం కాదు

కుటుంబ ప్రార్థన పీఠము
ధ్యాన భాగములు: 2 రాజులు 4:8–37, యోహాను 11:17–44



ఈ నెల పిల్లల చదువు గురించి వ్రాయాలని కూర్చున్నాను. రెండు పేజీలు వ్రాశాను కూడా. ఇంతలో మా ఇంటికి ఒక దంపతులు వచ్చారు. వారు వెళ్లిన తరువాత ఆ పేజీలు పక్కన పెట్టేశాను. వారి అనుమతితోనే ఇది వ్రాస్తున్నాను. వారి పేర్లు గాని, ఊరి పేరు గాని వ్రాయను. మన డెల్టాలో ఏ కాలువ గట్టు మీద ఊరైనా అది కావచ్చు.

మన ప్రాంతంలో వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీతలు, మరమ్మతులు అన్నీ అప్పుడే. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలితే ఊరంతటికీ పండుగే. ఎండిన కాలువలోకి ఎర్రని కొత్త నీరు రావడం చూడాలని పిల్లలు గట్టు మీదికి పరుగెత్తుతారు. ఆ ఇంటి నాలుగేళ్ల బాబు కూడా అలాగే వెళ్లాడు. తల్లి పొయ్యి దగ్గర ఉంది. తండ్రి చేలో ఉన్నాడు. బాబు లేడని గమనించేసరికి ఆలస్యమైపోయింది.

అది జరిగి పదకొండు నెలలైంది. ఆ పదకొండు నెలలూ ఆ తల్లి గుడికి రాలేదు. ఆమె మా ఇంటికి వచ్చి కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఇలా అడిగింది: “అమ్మగారూ, నేను ప్రార్థన చేయలేదనుకోకండి. బాబును ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి ఆటోలో వెళ్తున్నంతసేపూ ప్రభువును పిలుస్తూనే ఉన్నానండి. మరి ఆయన ఎందుకు వినలేదండి?”

నలభై ఏళ్లుగా పాస్టరుగారి భార్యగా ఎన్నో ఇళ్లకు వెళ్లాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఈ రోజుకీ లేదు. ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను.

ఆమెను గుడికి దూరం చేసింది బిడ్డ మరణం ఒక్కటే కాదు. మనవాళ్ల మాటలు కూడా. భూస్థాపన నాడే ఒక పెద్దమ్మ, “దేవుడు తన తోటకు మంచి పువ్వును ఏరి కోసుకున్నాడమ్మా” అని ఓదార్చబోయిందట. “ఆయన తోటలో పూలు తక్కువయ్యాయా అమ్మగారూ? నాకున్నది ఒక్కటే కదండీ” అని ఆ తల్లి నన్ను అడిగింది. మరి కొన్ని నెలలకు ఆ ఊళ్లో కూటాలు పెట్టారు. వచ్చిన ప్రసంగీకుడు, పూర్ణ విశ్వాసమున్న ఇంట్లో అకాల మరణం ఉండదనీ, ఎక్కడో రహస్య పాపం ఉంటేనే అలాంటివి జరుగుతాయనీ గట్టిగా చెప్పాడట. ఆయన ఆమెను ఉద్దేశించి అనలేదు. ఆమె అక్కడ కూర్చున్న సంగతి ఆయనకు తెలియదు. కాని పందిట్లో ఉన్నవారంతా తననే చూస్తున్నట్టు ఆమెకు అనిపించింది. లేచి వచ్చేసింది. మళ్లీ గుడి మెట్లు ఎక్కలేదు.

సహోదరులారా, ఈ బోధ వాక్యానుసారమైనదేనా? ఒక్కసారి బైబిలు తెరచి చూద్దాం.

షూనేములో ఒక ఘనురాలు ఉండేది. ప్రవక్తకు గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపము పెట్టిన భక్తురాలు. ఆమెకు పుట్టిన కుమారుడు దేవుని మాట చొప్పున పుట్టినవాడు. ఆ బిడ్డ పొలంలో తలనొప్పి అని ఏడ్చి, మధ్యాహ్నం వరకు తల్లి ఒడిలో ఉండి చనిపోయాడు. ఆమె విశ్వాసంలో లోపమున్నదని గాని, ఆ ఇంట రహస్య పాపమున్నదని గాని ఆ అధ్యాయంలో ఒక్క మాట లేదు. ఆమె పరుగున వెళ్లి ఎలీషా కాళ్లు పట్టుకున్నప్పుడు గేహజీ ఆమెను తోసివేయబోయాడు. ఎలీషా అతణ్ణి ఆపాడు. ఆమె ప్రాణము బహుగా వేదనపడుతున్నదనీ, దాని కారణాన్ని యెహోవా తనకు తెలియజేయలేదనీ చెప్పాడు. గమనించారా? అంత గొప్ప ప్రవక్త తనకు తెలియదని ఒప్పుకున్నాడు. మన మధ్య మాత్రం అన్నీ తెలిసినవారు ఎక్కువయ్యారు!

ఆ తల్లికి బిడ్డ తిరిగి దొరికాడు. ఈ తల్లికి దొరకలేదు. ఈ తేడాను నేను దాచను. దాచి చెప్పే ఆదరణ ఆదరణ కాదు.

పుట్టు గ్రుడ్డివాణ్ణి చూచి, ఎవడు పాపము చేశాడని శిష్యులు అడిగారు. వీడు గాని, వీని కన్నవారు గాని కాదని ప్రభువు చెప్పాడు (యోహాను 9). సిలోయములో గోపురము పడి పదునెనిమిది మంది చనిపోయినప్పుడు, వారు మిగతావారికంటె పాపులని తలంచవద్దన్నాడు (లూకా 13). “మరి దావీదు బిడ్డ మాటేమిటి?” అని కొందరు అడుగుతారు. నిజమే. అక్కడ దేవుడే నాతాను ప్రవక్త నోట కారణం చెప్పించాడు. మనకు అలాంటి వర్తమానం ఎవరూ అప్పగించలేదు. అప్పగించని మాటను చెప్పకుండా ఉండడమే భయభక్తులు గలవారి పని.

మన గోదావరి జిల్లాలలో సువార్త పని చేసిన మిషనరీల చరిత్ర చూడండి. సామర్లకోటలో ఆడం లాంగ్ దొరగారు అనే లూథరన్ మిషనరీ ఉండేవారు. 1866లో ఆ ఇంట మశూచికం ప్రవేశించింది. ఆయన పిల్లలు ఇద్దరు చనిపోయారు. ఆయన కూడా చనిపోయారు. సముద్రాలు దాటి మన కోసం వచ్చిన ఆ కుటుంబానికి విశ్వాసం చాలక అలా జరిగిందని ఎవరైనా అనగలరా? ఆ కాలంలో మశూచి వస్తే దేవత ఆగ్రహించిందని జనం భయపడేవారు. మన దేవుడు అలాంటివాడు కాడని మన పెద్దలు వీధి వీధినా ప్రకటించారు. ఇప్పుడు మనమే బిడ్డ పోయిన ఇంటికి వెళ్లి, “మీ మీద దేవునికి కోపం వచ్చింది” అంటే ఇక మనం ప్రకటించిన సువార్త ఏమైనట్టు?

ఆ మశూచి ఈ రోజు లేదు. ఊరూరా టీకాలు వేయగా, ప్రపంచంలో ఎక్కడా మశూచి లేదని 1980లో ప్రకటించారు. వైద్యము కూడా దేవుని కనికరమే. ప్రార్థించే ఇంట్లో మందులుంటే విశ్వాసం తగ్గిపోదు.

మార్టిన్ లూథర్ గారి ఇంట్లో కూడా ఈ దుఃఖం ఉంది. 1528లో పసిబిడ్డ ఎలిజబెత్ చనిపోయింది. 1542లో పదమూడేళ్ల మగ్దలేన తండ్రి చేతుల్లోనే కన్నుమూసింది. పునరుత్థానమును గురించి అంత ధైర్యంగా బోధించిన ఆయన, కూతురు ప్రభువు దగ్గరకు వెళ్లిందని కృతజ్ఞత చెల్లించాలని తెలిసినా, ఏడవకుండా ఉండడం తన వల్లా తన భార్య వల్లా కావడం లేదని స్నేహితునికి వ్రాశాడు. తెలిసిన సత్యం ఒకవైపు, పగిలిన గుండె ఒకవైపు. రెండూ ఒకే విశ్వాసిలో ఉంటాయి.

విలియం కేరీ గారి భార్య డొరొతి అమ్మగారి సంగతి మాత్రం మనం ఎక్కువగా చెప్పుకోము. ఇంగ్లాండులో ఉండగానే ఇద్దరు ఆడపిల్లలను పోగొట్టుకున్న తల్లి ఆమె. బెంగాలుకు వచ్చిన మరుసటి సంవత్సరం, 1794లో, అయిదేళ్ల పీటరు కూడా జ్వరంతో, విరేచనాలతో చనిపోయాడు. ఆ తరువాత ఆమె మనస్సు చెదిరిపోయింది. 1807లో చనిపోయేవరకు తిరిగి కుదుటపడలేదు. కేరీ గారు 1814లో తెలుగు వ్యాకరణం ప్రచురించారు. 1818లో శ్రీరాంపూరు నుంచి తెలుగు క్రొత్త నిబంధన వెలువడింది. ఆ పుస్తకాల కొరకు దేవునికి స్తోత్రం చేద్దాం. అయితే ఆ పని జరుగుతున్న ఇంట్లోనే, పక్క గదిలో, ఎవరూ ఓదార్చలేని తల్లి ఉండేదని కూడా జ్ఞాపకం చేసుకుందాం. ఆ కాలంలో అలాంటి బాధకు తగిన సహాయం లేదు. ఇప్పుడు ఉంది. ఇంకా మన మధ్య పక్క గదిలో ఏడ్చే తల్లులు ఎందుకుండాలి?

ఇక భార్యాభర్తల సంగతి చెబుతాను. అసలు గాయం నాకు అక్కడే కనిపించింది.

ఆమె లోపల నాతో మాట్లాడుతున్నంతసేపూ భర్త మా అరుగు మీదే కూర్చున్నాడు. బిడ్డ పోయిన వారానికే అతడు బాబు బట్టలు, ఆట వస్తువులు మూటగట్టి అటక మీద పెట్టేశాడు. గోడకున్న ఫోటో తీసేశాడు. భార్య చూస్తే ఏడుస్తుందని అతని భయం. “ఈయన అప్పుడే మరచిపోయాడండి. బండ గుండె” అని ఆమె బాధ. అతడు రోజూ చీకటి పడ్డాక సమాధుల తోటకు వెళ్లి కూర్చుని వస్తున్నాడని ఆమెకు తెలియదు. ఆలస్యంగా ఇంటికి వస్తున్నాడని మాత్రమే తెలుసు. ఒకే ఇంట్లో ఇద్దరు, ఒకే బిడ్డ కోసం, వేరువేరుగా ఏడుస్తున్నారు.

పాస్టరుగారు అతణ్ణి లోపలికి పిలిచి ఒకే మాట చెప్పారు: “బాబూ, ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో బిడ్డ పేరు పలకండి. ఇద్దరూ పలకండి.” ఆ రాత్రి అతని నోట పేరు రాలేదట. మరుసటి రాత్రీ రాలేదు. మూడో రాత్రి పేరు పలికి, ఒక్కసారిగా కూలబడి ఇలా అన్నాడట: “ఆ రోజు చేనుకు వెళ్తూ దడి తలుపు నేనే వేయలేదు. బిడ్డను నేనే చంపుకున్నాను.” ఆమె నిర్ఘాంతపోయింది. ఎందుకంటే పదకొండు నెలలుగా ఆమె, “ఎసట్లో బియ్యం వేసి వద్దామని నేను లోపలికి వెళ్లకపోతే బిడ్డ దక్కేవాడు” అని తనను తానే నిందించుకుంటోంది. భర్త లోలోపల తనను తప్పుపడుతున్నాడనీ, అందుకే మాట్లాడటం లేదనీ అనుకుంటోంది. అతడు కూడా భార్య గురించి అలాగే అనుకున్నాడు. ఆ రాత్రి తెల్లవార్లూ మాట్లాడుకున్నారట. తెల్లవారి అటక మీది మూట దించి, ఒక చిన్న చొక్కా మాత్రం బయట ఉంచుకున్నారు. ఫోటో మళ్లీ గోడ మీదికి వచ్చింది.

దావీదు ఏడు దినములు నేల మీద పడి ఉండి, బిడ్డ చనిపోయాక లేచి, స్నానం చేసి, భోజనం చేశాడు. పురుషులలో చాలామంది అలాగే లేచి పనిలోకి వెళ్తారు. అంతమాత్రాన వారికి దుఃఖం లేదనుకోవద్దు. అయితే దావీదు అక్కడితో ఆగలేదు. తన భార్యయైన బత్షెబ యొద్దకు వెళ్లి ఆమెను ఓదార్చాడని వ్రాయబడియున్నది. భర్తలారా, ఆ వచనం మన కొరకే.

సంఘమునకు కొన్ని మాటలు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చుని ఏమీ మాట్లాడలేదు. వారు చేసిన మేలు అదే. నోరు తెరచినప్పటినుంచి తప్పులే. కాబట్టి బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లండి. అన్నం పట్టుకెళ్లండి. కారణాలు పట్టుకెళ్లవద్దు. “ఇంకొకణ్ణి కంటే సరిపోతుంది” అనవద్దు. ఒక బిడ్డ మరొక బిడ్డకు బదులు కాడు. అత్తగార్లారా, కోడలిని “నువ్వు చూసుకోలేదు” అనవద్దు. ఆదరణ కూడిక అయిపోయాక అందరూ వెళ్లిపోతారు. మూడో నెలలో, బిడ్డ పుట్టినరోజున, సంవత్సరికం నాడు, సమాధుల పండుగ నాడు ఎవరైనా తలుపు తట్టాలి. ఇంట్లో మిగిలిన పిల్లలుంటే వారితో కూడా మాట్లాడండి. తమ్ముడు పోయింది తన అల్లరి వల్లనేనని లోలోపల భయపడే పిల్లలుంటారు.

నిద్ర, తిండి వారాల తరబడి లేకపోయినా, భర్త తాగుడులో పడినా, చనిపోవాలన్న మాట నోట వచ్చినా, ప్రార్థనతోపాటు వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ అనే ఫోను సహాయం ఉంది. నంబరు 14416. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రభువు లాజరును మరి కాసేపటికి లేపబోతున్నాడు. అది ఆయనకు తెలుసు. అయినా మరియ ఏడ్వగా చూచి ఆయన కూడా కన్నీరు కార్చాడు. సమాధి దగ్గర ఏడవడం అవిశ్వాసమైతే మన రక్షకుడు ఏడ్చి ఉండేవాడు కాడు. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని పౌలు వ్రాశాడే గాని, దుఃఖపడనే వద్దని వ్రాయలేదు.

ఈ సంవత్సరం నీళ్లు వదలడానికి ముందే ఆ సంఘ యువకులు కాలువ రేవు దగ్గర వెదురు దడి కట్టారు. ఊళ్లోని పసిపిల్లలందరి కోసం కట్టారు. మొదటి గుంజ పాతింది ఆ తండ్రే. మీ ఊరి రేవుకు దడి ఉందా? ఈ నెల మీ సంఘంలో ఆ సంగతి మాట్లాడండి.

ఆ తల్లి ఇప్పుడు గుడికి వస్తోంది. పాటలు ఇంకా పాడదు. వెనుక వరుసలో తలుపు దగ్గర కూర్చుంటుంది. కొత్త నీళ్లు వచ్చిన రోజున పుట్టింటికి వెళ్లిపోయింది. బాగుపడిందా అని నన్నెవరైనా అడిగితే, ఇప్పుడు ఒంటరిగా ఏడవడం లేదని చెబుతాను.

ప్రార్థన: కనికరముగల తండ్రీ, ఒడి ఖాళీ అయిన తల్లులను, మాట పోయిన తండ్రులను నీ చేతికి అప్పగిస్తున్నాము. మాకు తెలియని సంగతులు చెప్పకుండా మా పెదవులను కాపాడుము. వారి ప్రక్కన కూర్చుండే ఓపిక మాకు దయచేయుము. ఆ చిన్నవారిని మరల చూచు దినము వరకు మమ్మును ఒకరి చేయి ఒకరు విడువకుండ నడిపించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.