నవ్వాను గానీ నీళ్ళు తాగలేదు

పోయినేడాది ఒక సదస్సులో నేను పత్రం చదవడం అవగానే ఒక పెద్దావిడ వచ్చి చెయ్యి పట్టుకున్నారు. "ఇంత కష్టంలోనూ ఎంత ఆనందంగా ఉన్నావమ్మా! నిన్ను చూసి మేం నేర్చుకోవాలి" అన్నారు. నవ్వాను. పొద్దుటినించీ గుక్కెడు నీళ్ళు తాగలేదని చెప్పలేదు. ఆ కాలేజీలో నా చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి లేదు. ర్యాంపు మాత్రం ఉంది, ఫొటోల్లో బాగా పడుతుంది కదా!

నడుం కింద నాకు స్పర్శ పోయి పదకొండేళ్ళు. మూత్రం దానంతటది రాదు, నాలుగైదు గంటలకోసారి క్యాథెటర్ పెట్టుకోవాలి. నీళ్ళు మానేస్తే ఇన్ఫెక్షన్, అది ముదిరితే కిడ్నీలకి ముప్పు. నా క్షేమం ఉన్నది అక్కడ. అందరూ వెతికేది నా మొహంలో.

ఈ వెతుకులాటకి శాస్త్రం కూడా తోడొచ్చింది. 1978లో అమెరికాలో బ్రిక్‌మన్, ఆయన సహచరులు లాటరీ గెలిచిన 22 మందినీ, ప్రమాదాల్లో శరీరం చచ్చుబడ్డ 29 మందినీ సంతోషం గురించి అడిగారు. కాళ్ళు పోయినా కొన్నాళ్ళకి అందరిలాగే సంతోషంగా ఉంటారని తేలిందంటూ ఇవాళ్టికీ దాన్ని ఉదహరిస్తారు. తేలింది అది కాదు. అయిదుకి మామూలు వాళ్ళు 3.82 వేసుకుంటే వీళ్ళు 2.96 వేసుకున్నారు. మనం ఊహించినంత దుఃఖంలో లేరు, అంతవరకే నిజం. నేనూ లేను. పక్క చక్రాల స్కూటీ మీద మొదటిసారి ఒంటరిగా బజారుకెళ్ళి, బేరమాడి వంకాయలు తెచ్చుకున్న రోజు నాకిప్పటికీ పండగే. ఆ పండగ తెచ్చింది మనోధైర్యం కాదు, స్కూటీ.

"అలవాటు పడిపోతారు." ఈ మాట మనకి కొత్తా? తాగొచ్చి కొట్టే మొగుడి గురించీ ఇదే చెప్పారు. బాధపడేవాళ్ళు అలవాటు పడితే ఇక ఎవరూ ఏమీ మార్చనక్కర్లేదు.

మగవాడి వెన్ను విరిగితే చాకిరీ చెయ్యడానికి పెళ్ళాం ఉంటుంది. నాకు అమ్మ ఉంది. అరవై ఆరేళ్ళ ఆ మనిషి నడుంనొప్పి నా క్షేమం లెక్కలోకి రాదా? జీతమిచ్చి సహాయకురాలిని పెట్టుకునే స్తోమత ఎందరికుంది?

సౌలభ్య ప్రమాణాలు సలహాలుగా మిగిలితే చెల్లదు, తప్పనిసరి కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్లో చెప్పి, కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. మొన్న ఇంకో కాలేజీ వాళ్ళు మహిళా దినోత్సవానికి పిలిస్తే, మరుగుదొడ్డి తలుపు వెడల్పెంతో కొలిచి చెప్పమని రాశాను. సన్మానం కూడా ఉందండీ అని జవాబొచ్చింది. తలుపు గురించి మళ్ళీ రాశాను.